కొండ దిగేటప్పుడే బ్రేకులకు అసలు పరీక్ష

తిరుపతి: అలిపిరి నుంచి తిరుమలకు వాహనంలో ఎక్కేవారికి కనీసం 28 నిమిషాలు, తిరుమల నుంచి కిందికి దిగేవారికి కనీసం 40 నిమిషాలు పట్టాలని తిరుమల తిరుపతి దేవస్థానం గతంలో నిబంధన విధించింది. అంతకంటే ముందుగా తనిఖీ కేంద్రానికి చేరిన వాహనదారుడు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. ఎక్కడానికి తక్కువ సమయం, దిగడానికి ఎక్కువ సమయం ఏమిటని దూర ప్రాంతాల నుంచి వచ్చిన భక్తులు ఆశ్చర్యపోవడం మామూలే. ఎక్కేటప్పుడు ఇంజిన్ ముక్కుతుంది, మూలుగుతుంది, వేడెక్కుతుంది. ఆ శ్రమ చెవికి వినిపిస్తుంది కనుక ప్రమాదమంతా ఎక్కడంలోనే ఉందనుకుంటారు. దిగేటప్పుడు బండి దానంతట అదే జారిపోతుంటుంది. శబ్దం ఉండదు. ఆ నిశ్శబ్దంలో చక్రాల దగ్గర అరచేతి వెడల్పు కూడా లేని నాలుగు జతల ప్యాడ్లు ఎంత బరువు మోస్తున్నాయో లోపల కూర్చున్నవారికి తెలియదు.

1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కే దారి. దిగే దారి పొడవు సుమారు 19 కిలోమీటర్లు. 40 నిమిషాల్లో దిగడమంటే సగటున గంటకు 28, 29 కిలోమీటర్ల వేగం. ఘాట్ లేని రోడ్డు మీద సైకిల్ మోటారు కూడా అంతకంటే వేగంగానే పోతుంది. అయినా ఆ లెక్క ఊరికే పెట్టింది కాదు. దాని వెనుక ఉన్నది బ్రేకుల వేడి.

ముప్పై లీటర్ల నీళ్లు మరిగించే వేడి

బ్రేకు బండిని ఆపుతుందని అందరూ అంటారు. నిజానికి బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. తిరుగుతున్న డిస్కును రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టుకుంటాయి. ఆ రాపిడిలో పుట్టిన వేడి డిస్కులోకి, అక్కడి నుంచి గాలిలోకి పోతుంది. వేడి పోయే వేగం కంటే పుట్టే వేగం ఎక్కువైతే బ్రేకు బలహీనపడుతుంది.

ఎంత వేడి? తిరుమలకు, అలిపిరికి మధ్య ఎత్తులో తేడా సుమారు 650 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు అంత ఎత్తు నుంచి దిగితే వెలువడే శక్తి 30 లీటర్లకు పైగా నీటిని మరిగే స్థితికి తేవడానికి సరిపోతుంది. ఇంట్లో వాడే పెద్ద బిందెలు రెండు పొయ్యి మీద పెట్టి మరగబెట్టినట్లు. 15 టన్నుల బస్సయితే 300 లీటర్లకు పైమాటే. ఇందులో మూడో వంతు దాకా టైర్ల రాపిడి, ఎదురుగాలి పంచుకుంటాయి. మిగిలినదాన్ని ఇంజిన్ అయినా మోయాలి, బ్రేకులైనా మోయాలి. మూడోది లేదు.

దిగే సమయాన్ని సగానికి తగ్గిస్తే అదే వేడి సగం సమయంలో పుడుతుంది. చల్లారడానికి దొరికే వ్యవధి కూడా సగమే. పైగా మలుపు దగ్గర వేగం తగ్గించుకోవలసి వచ్చినప్పుడు గంటకు 60 కిలోమీటర్ల నుంచి తగ్గే బండి బ్రేకులు 30 నుంచి తగ్గేదానికి నాలుగు రెట్లు పని చేయవలసి ఉంటుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుందన్నది బడి పాఠమే. 40 నిమిషాల నిబంధనకు మూలం ఇక్కడ ఉంది.

ఈ లెక్క తిరుమలకే పరిమితం కాదు. తిరుపతి-మదనపల్లె మార్గంలోని భాకరాపేట ఘాట్, చిత్తూరు-బెంగళూరు రహదారిలోని మొగిలి ఘాట్, నల్లమలలోని శ్రీశైలం దారి, మన్యంలోని పాడేరు, అరకు, మారేడుమిల్లి ఘాట్లు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సుమారు వంద మంది ఆ బస్సులో ఉన్నారు. బ్రేకులు పడలేదన్న మాట అప్పట్లో బలంగా వినిపించింది. 2021 ఫిబ్రవరి 12న అరకు నుంచి దిగుతున్న పర్యాటకుల బస్సు డముకు వద్ద లోయలోకి దూసుకెళ్లి నలుగురు మరణించినప్పుడూ తొలి వార్తల్లో వినిపించింది అదే మాట.

'ఫెయిల్' అన్న మాటలో రెండు జబ్బులు

బ్రేకు ఫెయిలయిందని ఒకే మాటగా చెబుతున్నా, ఘాట్‌లో జరిగేవి వేర్వేరు రెండు విషయాలు. ఆ తేడా పాదానికే తెలుస్తుంది.

మొదటిది, పెడల్ గట్టిగానే ఉంటుంది. ఎంత బలంగా తొక్కినా బండి మాత్రం ఆగదు. ఇది ప్యాడ్ల జబ్బు. ప్యాడ్‌లోని పీచు పదార్థాలను, లోహపు పొడిని పట్టి ఉంచేది ఒక రకం జిగురు. వేడి హద్దు మీరినప్పుడు ఆ జిగురు కాలి వాయువుగా మారుతుంది. డిస్కుకు, ప్యాడ్‌కు నడుమ పట్టు తప్పుతుంది. కాలిన రబ్బరును పోలిన ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసన ముందు వెళ్తున్న లారీదేనని అద్దాలు ఎత్తేసుకునేవారే ఎక్కువ. తన బండిదేనేమోనని ఆపి చూసేవారు తక్కువ.

రెండోది, పెడల్ మెత్తబడి స్పాంజిని తొక్కినట్లు నేల దాకా దిగిపోతుంది. ఇది బ్రేకు ఆయిల్ జబ్బు. కాలితో తొక్కిన బలాన్ని చక్రం దాకా చేర్చేది ఆ ఆయిలే. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకుపోదు కనుకనే బలం చేరుతుంది. ప్యాడ్ల వేడి పిస్టన్ గుండా పాకి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కుదించుకుపోతుంది. తొక్కిన తొక్కుడంతా బుడగలను నొక్కడానికే సరిపోయి, చక్రానికి ఏమీ చేరదు. మెకానిక్కులు ఎయిర్‌లాక్ అనేది దీన్నే.

మొదటి జబ్బుకు మందు సరైన ప్యాడ్లు. రెండోదానికి సకాలంలో ఆయిల్ మార్చడం. రెండింటికీ కలిపి మందు ఒకటుంది. అది గేరు. దాని సంగతి తర్వాత.

ఏ ప్యాడ్ కొనాలి?

దుకాణాల్లో దొరికే ప్యాడ్లు స్థూలంగా మూడు రకాలు. ఆర్గానిక్ రకం పీచును, రబ్బరును, కార్బన్‌ను జిగురుతో కలిపి చేసినది. మెత్తగా, శబ్దం లేకుండా పట్టుకుంటుంది. డిస్కును తినదు. ధర తక్కువ. ఊళ్లో, చదునైన రోడ్ల మీద తిరిగే బండికి ఇది చాలు. అయితే వేడికి తొందరగా లొంగిపోతుంది. సెమీ మెటాలిక్ రకంలో ఉక్కు పీచు వంటి లోహాలు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వేడిని తట్టుకుంటుంది, బయటికి పంపుతుంది. కొంచెం శబ్దం చేస్తుంది, డిస్కును కొంత ఎక్కువ అరగదీస్తుంది. సిరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, చక్రాలకు నల్లటి ధూళి పట్టదు, ధర ఎక్కువ.

ఏడాదికి ఒకటి రెండుసార్లు కొండకు వెళ్లే కుటుంబం కారుకు తయారీ సంస్థ సూచించిన రకమే సరిపోతుంది. వారానికి నాలుగుసార్లు కొండ దిగే ట్యాక్సీకి మాత్రం మంచి సంస్థ తయారు చేసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లే మేలు. శబ్దం వస్తుందన్న ఫిర్యాదుతో వాటిని తీయించి మెత్తటివి వేయించుకోవడం, డ్రైవర్లు చేసే పొరపాట్లలో ఒకటి. ఒకే ఇరుసు మీద ఒక చక్రానికి ఒక రకం, మరో చక్రానికి మరో రకం అసలే పనికిరాదు. బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. ఘాట్ మలుపులో ఆ లాగుడు లోయ వైపే కావచ్చు. ఒక ప్యాడ్ అరిగినా నాలుగింటినీ, అంటే రెండు ముందు చక్రాలవీ కలిపి మార్చడం అందుకే.

కొన్ని సంస్థల ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లిషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ వంటివి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఆ ప్యాడ్ పట్టు ఎంతో చెబుతుంది. రెండోది బాగా వేడెక్కాక మిగిలే పట్టు ఎంతో చెబుతుంది. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ బలమైనది. ఎఫ్ఈ అని ఉంటే చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టి, వేడెక్కాక సడలుతుందని అర్థం. ఘాట్ రోడ్డు ప్రయాణికుడికి కావలసింది రెండో అక్షరం. అంత చిన్న అక్షరాలను ఎవరూ చూడరు. దుకాణదారుడూ చూపించడు.

అసలు బెడద నకిలీలది. చెన్నై పాడిలో ఉన్నవంటి పేరున్న పరిశ్రమలు తయారు చేసే ప్యాడ్ల పెట్టెను పోలిన పెట్టెలో, పేరులో ఒక అక్షరం తేడాతో సరుకు అమ్ముడవుతుంటుంది. పెట్టె మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర లేకపోతే దాన్ని పక్కన పెట్టేయాలి. ప్యాడ్ అంచులు చేతితో గీకితే పొడి రాలినా, రాపిడి పదార్థానికి, దాని వెనుక ఉండే ఇనుప పలకకు మధ్య సన్నని సందు కనిపించినా తీసుకోరాదు. వేడికి ఆ అతుకు ఊడితే పలక మాత్రమే మిగిలి డిస్కును కొరుకుతుంది. ఆస్‌బెస్టాస్ రహితమని రాసి ఉన్నవే కొనాలి. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆ ముప్పు బండి యజమాని కంటే రోజంతా డ్రమ్ములు విప్పే మెకానిక్‌కు, అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఎక్కువ. గాలి పైపుతో బుర్రున ఊదడం, నోటితో ఊదడం మానేసి తడిగుడ్డతో తుడవాలి. ఏ రకం ప్యాడ్ అయినా ఆ ధూళి మంచిది కాదు. బిల్లు అడిగి తీసుకోవడం ఎలాగూ ఉండాలి.

రేపు ప్రయాణమనగా ఈరోజు మార్పిస్తే

తిరుమల ప్రయాణం పెట్టుకున్నవారు ముందురోజు సాయంత్రం బండిని షెడ్డుకు తీసుకెళ్లి, కొత్త ప్యాడ్లు వేయించి, నిశ్చింతగా తెల్లవారుజామున బయలుదేరడం చాలా చోట్ల కనిపిస్తుంది. జాగ్రత్తగా కనిపించే ఈ పనిలో ఒక లోపం ఉంది. కొత్త ప్యాడ్ ముఖం, పాత డిస్కు ముఖం ఒకదానికొకటి పూర్తిగా ఆనవు. డిస్కు మీద సన్నటి గాళ్లు ఉంటాయి. ప్యాడ్ వాటికి సరిపడా అరిగి కూర్చునేదాకా పూర్తి పట్టు రాదు. ఆనిన కొద్ది చోట మాత్రమే వేడి గుమికూడి పైపొర గాజులా నున్నబడిపోతుంది. ఒకసారి అలా నున్నబడిన ప్యాడ్ తర్వాత సరిగా పట్టదు.

అందుకని ప్యాడ్లు మార్చాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయకుండా, చదును రోడ్డు మీద తిప్పాలి. ఖాళీ రోడ్డు చూసుకుని గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మెల్లగా తగ్గించడం, మళ్లీ కొంతదూరం చల్లారనివ్వడం, ఇలా పదిసార్లు చేస్తే ప్యాడ్ కుదురుతుంది. కొండ ప్రయాణానికి కనీసం వారం ముందే ఈ పని ముగించుకోవాలి. కొత్త బండి కొన్న రోజే పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నేరుగా కొండెక్కేవారికీ ఇది వర్తిస్తుంది.

ప్యాడ్లు మార్చిన వెంటనే మరొక చిన్న విషయం ఉంది. కొత్త ప్యాడ్లు పట్టేందుకు మెకానిక్ పిస్టన్‌ను లోపలికి నెట్టి ఉంటాడు. షెడ్డులోంచి బండి కదిలించే ముందే పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందని చూసుకోవాలి. లేకపోతే మొదటి తొక్కుడు గాలిలోకి పోతుంది. షెడ్డు ఎదుట ఉన్న గోడకో, బడ్డీ కొట్టుకో బండి తగలడానికి కారణం చాలాసార్లు ఇదే.

మందం ఎంత మిగిలింది?

కారు కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సాధారణంగా 10 మిల్లీమీటర్ల అటు ఇటుగా ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చుకోవాలి. మామూలు రోడ్డుకు ఆ 3 మిల్లీమీటర్లతో ఇంకొన్నాళ్లు లాగవచ్చునేమో గానీ ఘాట్‌కు కుదరదు. పలచబడిన ప్యాడ్ వేడిని అడ్డుకోలేదు. ఆ వేడి నేరుగా పిస్టన్‌కు, ఆయిల్‌కు చేరుతుంది. అంటే మొదటి జబ్బు రెండోదాన్ని పిలుచుకొస్తుంది. చాలా కార్ల ప్యాడ్లకు సన్నని ఉక్కు రేకు అమర్చి ఉంటుంది. ప్యాడ్ అరిగాక ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడు వినపడుతూంటే పాటల శబ్దం పెంచుకోవడం పరిష్కారం కాదు. గరగరమని ఇనుము ఇనుమును గీకే చప్పుడు వస్తే ఆలస్యం జరిగిపోయినట్లే. అప్పుడు ప్యాడ్‌తో పాటు డిస్కు ఖర్చూ పడుతుంది.

డిస్కుకూ ఒక హద్దు ఉంది. ఎంత పలచబడితే పారేయాలో ఆ అంకె చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. లేత్ పట్టించి నున్న చేయించే ముందు ఆ అంకె చూడమనాలి. పలచటి డిస్కు తక్కువ వేడినే నిలుపుకోగలదు. కాలిపర్ జారే పిన్నులకు తుప్పు పడితే ఒక ప్యాడ్ అరిగి, రెండోది కొత్తగా ఉంటుంది. ప్యాడ్లు విప్పిన ప్రతిసారీ ఆ పిన్నులు తుడిచి, వేడికి కరగని గ్రీజు పలచగా పూయాలి. ప్యాడ్ ముఖానికి మాత్రం గ్రీజు మరక కూడా తగలరాదు. డిస్కును, డ్రమ్మును డీజిల్‌తోనో, కిరోసిన్‌తోనో కడిగే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. నూనె పొర మిగిలిపోయి పట్టు పోతుంది కనుక ఆ పని చేయనివ్వకూడదు.

వెనుక చక్రాల డ్రమ్ములను ఎవరూ పట్టించుకోరు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ పనిచేసేది ఆ డ్రమ్ములోని లైనర్ల మీదే. ముందు బ్రేకులు చేతులెత్తేసినప్పుడు మిగిలే ఆధారం అదొక్కటే. డ్రమ్ము బ్రేకు ఉన్న చాలా ద్విచక్ర వాహనాల్లో చక్రం దగ్గర ఉండే బ్రేకు చేతి పక్కన ఒక బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం గీతను దాటితే లైనర్ అరిగిపోయినట్లు. చాలామంది నట్టు బిగించుకుంటూ పోతారు. నట్టు బిగిస్తే సడలు తగ్గుతుంది గానీ అరిగిన లైనర్ తిరిగి రాదు.

రెండేళ్ల ఆయిల్, 75 డిగ్రీల తేడా

ప్యాడ్లకైనా అప్పుడప్పుడు మోక్షం ఉంటుంది. బ్రేకు ఆయిల్‌కు అదీ ఉండదు. ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీని అద్దం మీద చీటీ అంటించి గుర్తుపెట్టుకునేవారు, బ్రేకు ఆయిల్ బండి కొన్ననాటిదేనని చెబుతుంటారు.

బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించి ఉన్నా, రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ నెమ్మదిగా చేరుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం ప్రకారం దానికి మిగిలే కనీస హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. అంటే చూడటానికి అదే డబ్బా, అదే మట్టం, కానీ తట్టుకునే శక్తిలో 65 నుంచి 75 డిగ్రీలు కరిగిపోయినట్లు. ఘాట్ దిగే బండి డిస్కు రెండు మూడు వందల డిగ్రీలకు చేరడం అరుదేమీ కాదు. ఆ వేడి ఆయిల్ దాకా ఎంత పాకుతుందన్నదే మిగిలిన ప్రశ్న.

సాధారణంగా రెండేళ్లకోసారి, లేదా వాహనం పుస్తకంలో చెప్పిన గడువుకు ఆయిల్ పూర్తిగా మార్చి, గాలి తీయించాలి. దీనికయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. రంగు నల్లబడితేనే మార్చాలనుకోవడం సరికాదు. తేమ కంటికి కనిపించదు. మూత తీసి నెలల తరబడి షెడ్డు అల్మారాలో పడి ఉన్న సగం డబ్బా ఆయిల్ పోయించుకోవడమూ దండగే. ఆయిల్ రకం ఏదో మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 వాడవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలవదు. కొన్ని చోట్ల మట్టం తగ్గిందని ఇంజిన్ ఆయిల్ పోసేస్తుంటారు. దానికి లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థే చెడుతుంది.

మట్టం తగ్గడమే ఒక సమాచారం. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. మట్టం నెమ్మదిగా తగ్గితే ప్యాడ్లు చూడాలి. హఠాత్తుగా తగ్గితే ఎక్కడో కారుతున్నట్లు. రెండు సందర్భాల్లోనూ పైన పోసి మూత పెట్టేస్తే ఆ సంకేతం పోతుంది.

న్యూట్రల్‌లో పెట్రోలు మిగలదు

ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి, లేదా గేరు తీసేసి జారనిస్తే పెట్రోలు ఆదా అవుతుందన్న నమ్మకం తరతరాలుగా ఉంది. కార్బురేటర్ బళ్ల కాలంలో ఆ మాటకు కొంత అర్థం ఉండేదేమో. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉంచి, ఆక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కనుక కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండేందుకు మళ్లీ పెట్రోలు పంపాల్సిందే. అంటే న్యూట్రల్‌లో దిగేవారు పెట్రోలునూ ఖర్చు చేస్తున్నారు, బ్రేకులనూ కాలుస్తున్నారు.

తాళం తిప్పి ఇంజిన్ ఆపడం మరీ ప్రమాదం. కార్లలో బ్రేకు పెడల్‌కు తోడ్పడే వ్యాక్యూమ్ బూస్టర్ ఇంజిన్ నడుస్తుంటేనే పనిచేస్తుంది. ఇంజిన్ ఆగాక రెండు మూడు తొక్కుళ్లకు ఆ తోడు అయిపోతుంది. తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీస్తే బిగుసుకుపోనూవచ్చు.

ఏ గేరులో కొండెక్కారో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. అంతకంటే మంచి సూత్రం ఇప్పటికీ రాలేదు. రెండో గేరులో గాని, మూడో గేరులో గాని ఇంజిన్ కాస్త రొద చేస్తూ బండిని పట్టి ఉంచుతుంది. ఆ రొద విని కంగారుపడి పై గేరు వేయనక్కరలేదు. దిగుడు మొదలుకాక ముందే గేరు తగ్గించుకోవాలి, వేగం అందుకున్నాక కాదు. ఆటోమేటిక్ కార్లలో కూడా ఎల్ అనో, 2 అనో, లేదా చేతితో మార్చుకునే ఎం అనో ఒక స్థానం ఉంటుంది. డిలోనే ఉంచి కొండంతా బ్రేకు మీద దిగేవారికి ఆ అక్షరం ఎందుకుందో తెలియదు.

గేరు ఉన్నా బ్రేకు అవసరమే. అయితే పాదాన్ని పెడల్ మీద తేలికగా ఆనించి కొండంతా అలాగే దిగితే ప్యాడ్‌కు క్షణం కూడా ఊపిరి దొరకదు. కావలసిన చోట గట్టిగా నొక్కి వేగం తగ్గించుకుని, పూర్తిగా వదిలేయాలి. వదిలినప్పుడే డిస్కుకు గాలి తగులుతుంది. వెనుక బ్రేకు మీద కాలు పెట్టి దిగే మోటార్ సైకిల్ వారికీ ఇదే మాట.

విద్యుత్ వాహనాల్లో మోటారే జనరేటర్‌గా మారి వేగాన్ని తిరిగి కరెంటుగా మారుస్తుంది. తిరుపతి-తిరుమల మధ్య ఆర్టీసీ 2022లో విద్యుత్ బస్సులు ప్రారంభించినప్పుడు ఈ ఘాట్‌కు అది బాగా నప్పింది. కానీ కొండ మీద బ్యాటరీని నిండా చార్జి చేసుకుని దిగే కారులో ఆ కరెంటు పోవడానికి చోటుండదు. భారం మళ్లీ ప్యాడ్ల మీదే పడుతుంది. పైన కొంత ఖాళీ మిగిల్చి దిగడం మంచిది. పెద్ద బస్సులు, లారీల్లో ఉండే ఎగ్జాస్ట్ బ్రేకు చేసేదీ ఇంజిన్‌తో బండిని పట్టి ఉంచే పనే. అది చెడిపోయినా బండి నడుస్తుంది కనుక బాగు చేయించడం వాయిదా పడుతుంటుంది.

బ్రేకు పట్టు తప్పితే

వాసన వచ్చినా, పెడల్ కిందికి దిగుతున్నట్లు తోచినా రోడ్డు వెడల్పుగా ఉన్న చోట వెంటనే ఆపాలి. అప్పటికే ఆగని స్థితి వస్తే మొదట గేరు ఒక్కొక్కటిగా తగ్గించాలి. పెడల్ మెత్తగా ఉంటే వేగంగా పలుమార్లు తొక్కితే కొంత ఒత్తిడి రావచ్చు. హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా గుంజకుండా, మీట మీది బొత్తాం నొక్కి ఉంచి మెల్లమెల్లగా లాగాలి. హారన్, లైట్లు వేసి ఎదుటివారికి తెలపాలి. అయినా ఆగకపోతే బండిని లోయ వైపు గోడకు కాక కొండ వైపు కాలువకు, మట్టిగట్టుకు రాయించాలి. బండి పాడవుతుంది, మనుషులు మిగులుతారు.

ఆపిన తర్వాత వేడెక్కిన చక్రాల మీద సీసాలకు సీసాల నీళ్లు కుమ్మరించే అలవాటు ప్రతి ఘాట్‌లోనూ ఉంది. వందల డిగ్రీల వేడిలో ఉన్న డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకరపోవచ్చు, పగులు రావచ్చు. తర్వాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ పెడల్ అదురుతుంది. అరగంట ఊరికే నిలిపితే గాలికే చల్లారుతుంది. ఆ అరగంటా హ్యాండ్ బ్రేక్ కంటే గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డుపెట్టడం నయం. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా, పొంగిన ఆయిల్ బాగయినట్లు కాదు. కిందికి దిగగానే మార్పించాలి.

బయలుదేరేటప్పుడు చక్రం కింద పెట్టిన రాయిని తీసి కొండ వైపు కాలువలో వేయాలి. రోడ్డు మీదే వదిలేసి పోతే, చీకటి పడ్డాక ఆ మలుపు తిరిగి వచ్చే మోటార్ సైకిల్‌కు అది కనిపించదు.